గైడ్ గారి టాపిక్కా, నాన్న పేరులోంచి పుట్టిన టాపిక్కా?

నల్లగొండ జిల్లాలో ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, కాలేజీ, యూనివర్సిటీ బయటపెట్టొద్దని కోరారు.

ఆమెకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరి డేటాబేస్‌ల మీద కోర్స్‌వర్క్ పూర్తి చేశారు. ఇంకో రెండు నెలల్లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు టాపిక్ పెట్టాలి. గైడ్ గారు ‘ఇప్పుడు నడుస్తున్నది ఎల్‌ఎల్‌ఎం, వెక్టర్ డేటాబేస్. అందులో ఏదో ఒకటి పట్టుకోండి, పేపర్లు తొందరగా వస్తాయి’ అంటున్నారు. (ఎల్‌ఎల్‌ఎం అంటే చాట్‌బాట్‌ల వెనకుండే పెద్ద భాషా మోడల్; వెక్టర్ డేటాబేస్ అంటే మాటల్ని అంకెల వరుసలుగా దాచి, దగ్గరగా ఉన్నవాటిని వెతికిపెట్టేది.) ఈమె మనసు ఇంకోచోట ఉంది. దేవరకొండ వైపు పల్లెలో ఉండే వాళ్ల నాన్న పేరు పట్టాదారు పాస్‌బుక్‌లో ఒక తీరుగా, ఆధార్‌లో ఒక తీరుగా, బ్యాంకు ఖాతాలో మరో తీరుగా పడింది. ముగ్గురూ ఒక్క మనిషేనని ఒప్పించడానికి ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయారు. ‘పేర్లు తేడాగా ఉన్న రికార్డుల్లో ఒకే మనిషిని గుర్తించడం మీద పని చేస్తాను’ అని స్టాఫ్‌రూమ్‌లో అంటే ఓ సీనియర్ నవ్వారట: ‘అది మీసేవ ఆపరేటర్ చేసే పని మేడం, రీసెర్చ్ ఎట్లయితది?’

ఇంట్లో ఇంకో కథ. హైదరాబాద్‌లో ఒక ప్రాజెక్ట్ సెంటర్ టాపిక్, కోడ్, పేపర్లు అన్నీ కలిపి ప్యాకేజీగా ఇస్తుందని, డబ్బు వాయిదాల్లో కట్టుకోవచ్చని భర్త అంటున్నారు. ఆయన స్నేహితుడు అట్లాగే పూర్తి చేశాడట. చిన్నాన్న కొడుకు ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్ట్ ఆపరేటర్. అతను మండలం మొత్తం రైతుల వివరాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ‘వాడుకో అక్కా’ అని చేతిలో పెట్టాడు. చివర్లో ఆమె ఇలా రాశారు: ‘మ్యాథ్స్ అంటే నాకు మొదటినుంచీ టెన్షన్. ఏ టాపిక్ తీసుకోమంటారు?’

అమ్మా, మీ ఉత్తరంలో టాపిక్‌కు సంబంధించిన చిక్కు ఒక్కటే, మిగతావన్నీ మనుషులతో వచ్చినవి. టాపిక్ సంగతి తేలితే మనుషులతో మాట్లాడటం కొంచెం తేలికవుతుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ సీనియర్ నవ్విన పనికి మన రంగంలో అరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. రికార్డ్ లింకేజ్ అంటారు, ఈమధ్య ఎంటిటీ రిజల్యూషన్ అనే పేరు ఎక్కువగా వినబడుతోంది. 1959లో కెనడాలో హోవర్డ్ న్యూకంబ్, ఆయన సహచరులు జనన, వివాహ రికార్డులను కంప్యూటర్‌తో ఎలా కలపవచ్చో చూపించారు. 1969లో అదే దేశపు గణాంక శాఖలో పనిచేసిన ఇవాన్ ఫెల్లెగి, అలన్ సంటర్ దానికి గణిత సిద్ధాంతం రాశారు. డేటాను పట్టికలుగా పెట్టే రిలేషనల్ మోడల్ మీద ఎడ్గర్ కాడ్ పేపర్ వచ్చింది 1970లో. అంటే మనం క్లాసులో డేటాబేస్ పాఠం మొదలుపెట్టే చోటు కంటే ఈ సమస్యే పాతది. అయినా ముగియలేదు. 2018లో డీప్‌మ్యాచర్, 2020లో డిట్టో అంటూ, ఉదాహరణల నుంచి తామే నేర్చుకునే న్యూరల్ పద్ధతులు వచ్చాయి. డేటాబేస్ రంగంలో పెద్దవైన సిగ్‌మోడ్, వీఎల్‌డీబీ సదస్సుల్లో దీని మీద ఇప్పటికీ పేపర్లు వస్తున్నాయి. కాకపోతే ఆ పద్ధతులను ఎక్కువగా పరీక్షించింది ఇంగ్లిష్‌లో ఉన్న వస్తువుల జాబితాల మీద, పరిశోధనా పత్రాల జాబితాల మీద. మన ఊరి పేర్లు వాటిలో లేవు.

మన పేర్లు పెట్టే ఇబ్బంది మీకు చెప్పక్కర్లేదు, అయినా ఒక ఉదాహరణ ఇస్తాను. రేపు కమిటీలో ఎవరైనా అడిగితే పనికొస్తుంది. సౌండెక్స్ అని పాత పద్ధతి, అమెరికాలో 1918లో పేటెంట్ అయింది. పేరు మొదటి అక్షరాన్ని అట్లాగే ఉంచి, తర్వాతి హల్లులకు అంకెలు ఇస్తుంది, అచ్చులను వదిలేస్తుంది. మీ నాన్నగారి పేరు ఎల్లయ్య అనుకుందాం (అసలు పేరు రాయడం లేదు). ఒక గుమాస్తా దాన్ని ఇంగ్లిష్‌లో ‘వై’తో మొదలుపెట్టి రాస్తాడు, ఇంకొకరు ‘ఇ’తో మొదలుపెడతారు. మొదటి అక్షరం మారింది కాబట్టి సౌండెక్స్ లెక్కలో వాళ్లు ఇద్దరు మనుషులు. జహంగీర్‌ను ‘జె’తో రాసినా ‘జెడ్’తో రాసినా అదే గతి. ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. లక్ష్మి, లక్ష్మయ్య ఇద్దరి పేర్లకూ సౌండెక్స్ ఇచ్చే కోడ్ ఒక్కటే: ఎల్ 250. ఒక్క మనిషిని రెండుగా చీల్చి, ఒక ఆడమనిషినీ ఒక మగమనిషినీ కలిపేసింది. ఇంటిపేరు ముందు రాయడం, వెనక రాయడం, పొడి అక్షరంగా రాయడం, పెళ్లయ్యాక మారడం, తండ్రి పేరు ఉండాల్సిన చోట భర్త పేరు ఉండటం, వీటి జోలికి ఇంకా పోలేదు.

పేర్లతోనే ఆగదు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు మారాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి వేరయ్యాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరయ్యాయి, ఆమనగల్లు లాంటివి రంగారెడ్డిలో కలిశాయి. 2019లో నారాయణపేట ఇంకో జిల్లా అయింది. 2015లో రాసిన రికార్డులో నారాయణపేట మనిషిది మహబూబ్‌నగర్ జిల్లా, 2020 రికార్డులో నారాయణపేట జిల్లా. మనిషి గడప దాటలేదు, చిరునామా మారింది. రికార్డు రాసిన తేదీని పట్టుకుని ‘అప్పట్లో ఈ ఊరు ఎక్కడుండేది’ అని సరిచూసుకోవాలంటే అది టెంపోరల్ డేటాబేస్‌ల పని, అంటే ఏ వివరం ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చెల్లిందో గుర్తుంచుకునేవి. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్, దాని 2011 ప్రమాణంలోనే దానికి సదుపాయాలు చేర్చారు, మన కాలేజీ సిలబస్‌ల దాకా అది పెద్దగా రాలేదు.

ఇక అసలు కష్టం లెక్కలో ఉంది. లక్ష రికార్డులు ఉంటే ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చాలంటే దాదాపు 500 కోట్ల జతలు. అన్నీ చూడలేం. కలిసే అవకాశం ఉన్నవాటిని ముందు చిన్న గుంపులుగా చేసి, గుంపు లోపలే పోల్చాలి. దీన్ని బ్లాకింగ్ అంటారు. గుంపులు చిన్నవైతే అసలు జతలే తప్పిపోతాయి, పెద్దవైతే మెషీన్ కూర్చుండిపోతుంది. మంచి బ్లాకింగ్ ఎట్లా చేయాలన్నది ఇప్పటికీ తెరిచి ఉన్న ప్రశ్న.

మీ గైడ్ గారి మాటకు విలువ ఉన్నది సరిగ్గా ఇక్కడే. పేరును అంకెల వరుసగా, అంటే వెక్టర్‌గా మార్చి, దగ్గరగా ఉన్న వెక్టర్లను వేగంగా వెతికితే అది కూడా బ్లాకింగే. ఆ వెతుకులాటకు ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ పద్ధతిని మాల్కోవ్, యషునిన్ 2016లో ప్రతిపాదించారు. పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌కు పీజీవెక్టర్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే మీ ల్యాప్‌టాప్‌లోనే అది నడుస్తుంది, రూపాయి ఖర్చు లేదు. 2019లో వచ్చిన డిస్క్‌ఏఎన్ఎన్ అనే పద్ధతి వంద కోట్ల వెక్టర్లను 64 జీబీ ర్యామ్ ఉన్న ఒకే మెషీన్ మీద వెతికి చూపించింది. అందులో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ల పాలు ఉంది. కాబట్టి గైడ్ గారు గాలివాటుగా మాట్లాడుతున్నారని అనుకోకండి.

అయితే ఆయన చెప్పిన ‘ఏదో ఒకటి’ అన్న మాటతోనే నాకు పేచీ.

ఆయన చెప్పినట్టే పూర్తిగా వెళ్తే ఏమవుతుందో చూద్దాం. ఎల్‌ఎల్‌ఎం వైపు ఎక్కువమంది పట్టుకునేది టెక్స్ట్ టు ఎస్‌క్యూఎల్: మామూలు మాటల్లో ప్రశ్న అడిగితే మోడల్ దాన్ని డేటాబేస్‌కు అర్థమయ్యే క్వెరీగా రాసిస్తుంది. 2018లో యేల్ వాళ్లు స్పైడర్ అనే పరీక్షా సముదాయం ఇచ్చారు, 200 డేటాబేస్‌లు, పది వేలకు పైగా ప్రశ్నలు. అది తేలికైపోతోందని 2023లో ఇంకొంచెం మురికి డేటాతో బర్డ్ అనేది వచ్చింది. ఈ పోటీలో మీ పక్కన పరిగెత్తేది పెద్ద కంపెనీలు, పెద్ద జీపీయూలు (మోడళ్లను నడిపే శక్తిమంతమైన చిప్‌లు). వారానికి పదహారు గంటలు పాఠాలు చెప్పి, పిల్లల హోంవర్క్ అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచే మనిషి ఆర్నెల్లు కష్టపడి తెచ్చిన ఫలితాన్ని వచ్చే నెల విడుదలయ్యే మోడల్ ఏమీ చేయకుండానే దాటేయవచ్చు. పేపర్లు తొందరగా వస్తాయన్నది కొంతవరకు నిజం, అంతే తొందరగా పాతబడతాయి కూడా. ఆ దారిలోనే ఉండాలనుకుంటే ఒక మూల ఖాళీగా కనిపిస్తోంది: ‘మునుగోడు మండలంల పోయినేడు పత్తి ఎన్ని ఎకరాలు ఏసిండ్రు?’ అన్న ప్రశ్నకు సరైన క్వెరీ రాయించడం. ప్రశ్న మన మాటలో, టేబుల్ హెడ్డింగులు ఇంగ్లిష్‌లో, ‘పోయినేడు’ అంటే క్యాలెండర్ ఏడా, వ్యవసాయ ఏడా తేల్చుకోవాలి. ఆ ప్రశ్నలు మీరు, మీ విద్యార్థులు తయారు చేయగలరు. తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో పట్టికలు దొరుకుతాయి, వాటిలో వ్యక్తుల పేర్లతో పని లేదు.

వెక్టర్ సర్చ్ ఆల్గారిథమ్‌నే మెరుగుపరచడం ఇంకో దారి. దానికి సీ ప్లస్ ప్లస్‌లో గట్టి ప్రోగ్రామింగ్, మెమరీ ఎట్లా పనిచేస్తుందో లోతైన పట్టు కావాలి. మీ ఉత్తరంలో వాటి ప్రస్తావన లేదు కాబట్టి మిమ్మల్ని అటు తోయను. రికార్డు ఎక్కడుందో మోడల్‌తో అంచనా వేసే లర్న్‌డ్ ఇండెక్స్‌లు 2018లో మొదలయ్యాయి, వాటి సంగతీ అంతే.

గైడ్ గారిని పక్కనపెట్టి అచ్చంగా మీ టాపిక్కే పట్టుకుంటే? పని మీద ఇష్టం ఉంటుంది, నాలుగైదేళ్ల పార్ట్‌టైమ్ ప్రయాణంలో అది చిన్న విషయం కాదు. కానీ కమిటీలో ‘ఇందులో కొత్తదనం ఏమిటి’ అని అడిగినప్పుడు మీ పక్కన మాట్లాడాల్సిన మనిషి గైడే. ఆయనకు మనసొప్పని టాపిక్‌తో వెళ్తే ప్రతి ఆరు నెలలకోసారి కమిటీకి ఇచ్చే ప్రగతి రిపోర్టు మీద సంతకం కోసం మీరు చెమటోడ్చాలి.

మూడోది, రెండింటినీ కలపడం. నా మొగ్గు ఇటే, అయినా నిర్ణయం మీదే. ప్రశ్న మీది, పనిముట్టు ఆయనది. ఉదాహరణకు మొదటి భాగంలో, ఇప్పుడు దొరికే ఎంబెడింగ్ మోడళ్లు (మాటను వెక్టర్‌గా మార్చేవి) తెలుగు పేర్ల ఇంగ్లిష్ రాతల్ని ఎంతవరకు దగ్గర చేర్చగలవో కొలవడం. ఆ మోడళ్లు ఎక్కువగా అర్థం దగ్గరగా ఉన్న మాటల్ని దగ్గర చేర్చడానికి తయారైనవి, పేర్లకు కావాల్సింది పలికే తీరులో పోలిక. అక్కడ అవి తడబడతాయనే నా అనుమానం, మీరు పరీక్షించి చెప్పాలి. రెండో భాగంలో వెక్టర్ వెతుకులాటకు మండలం, జిల్లా అనే షరతు కలపడం. షరతుతో కూడిన వెక్టర్ సర్చ్ మీద ఇప్పుడు చాలామంది పనిచేస్తున్నారు. మీ దగ్గరున్న తేడా ఏమిటంటే, 2016 తర్వాత ఆ షరతే మారిపోయింది. దాన్ని ఎట్లా పట్టుకోవాలన్నది మూడో భాగం అవుతుంది. టైటిల్‌లో వెక్టర్ అన్న మాట ఉంటుంది, గైడ్ గారికీ తృప్తి. నష్టం కూడా చెప్పాలి కదా: రెండు రంగాల సాహిత్యం చదవాలి. మొదటి ఏడాది చేతికి ఏమీ రానట్టే అనిపిస్తుంది.

ఇక ఆ పెన్‌డ్రైవ్. దీంట్లో మాత్రం నేను రెండు వైపులా మాట్లాడను. మీ తమ్ముడు ప్రేమతోనే ఇచ్చాడు, కానీ అది అతను ఇవ్వదగినది కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో పరిశోధనకు కొంత వెసులుబాటు ఉన్నమాట నిజమే. ఆ డేటాతో ఏ ఒక్క మనిషి గురించీ నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి అని షరతులున్నాయి. అనుమతి లేకుండా ఆఫీసు నుంచి బయటికొచ్చిన ఫైలును ఆ వెసులుబాటు కడగదు. దాంతో వచ్చిన ఫలితాన్ని మీరు ఎక్కడా ప్రచురించలేరు, ‘డేటా ఎక్కడిది’ అన్న మొదటి ప్రశ్నకే పేపర్ ఆగుతుంది. కాంట్రాక్ట్ ఉద్యోగం కాబట్టి అతనికి ఒక్క మెమో చాలు. ఆ ఫైలు మీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఉంటే తీసేయండి. ఏ ఆన్‌లైన్ చాట్‌బాట్‌లోనూ అందులోని ఒక్క వరుస కూడా అతికించకండి.

దాని అవసరం కూడా మీకు లేదు. రికార్డ్ లింకేజ్‌లో దొరకనిది డేటా కంటే జవాబు: ఏ రెండు రికార్డులు నిజంగా ఒకే మనిషివో ఎవరికీ తెలియదు. మీ క్లాసులో కూర్చున్న పిల్లలకు తెలుసు. తమ ఇంట్లోవాళ్ల పేర్లు వేర్వేరు కార్డుల్లో ఏయే తీరుగా పడ్డాయో వాళ్లు రాసివ్వగలరు. కార్డు నంబర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు వద్దు, పేర్ల రాతలు, ఊరు, కార్డు రకం చాలు. మీ కాలేజీలో మిర్యాలగూడ పిల్లలుంటారు, అచ్చంపేట తండాల నుంచి వచ్చినవాళ్లుంటారు, పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లూ ఉండొచ్చు. ఒక సెమిస్టర్‌లో కొన్ని వందల ఖచ్చితమైన జతలు తయారవుతాయి, అట్లాంటి సముదాయమే ఒక పేపర్. జాగ్రత్త ఒకటి ఉంది. మార్కులు వేసే టీచర్ అడిగితే పిల్లలు కాదనలేరు. అందుకని ఇంకో సెక్షన్ వాళ్లతో, ఇంకో లెక్చరర్ ద్వారా, ఇష్టమైతేనే అని రాతపూర్వకంగా అడిగించండి. ఇంట్లోవాళ్లను అడిగి ఇవ్వమని చెప్పండి. ముందే మీ యూనివర్సిటీలో ఎథిక్స్ అనుమతి తీసుకోండి. పెద్ద సంఖ్యలో వేగం పరీక్షించడానికి ఈ జతల్లో కనిపించిన తప్పుల తీరునే అనుసరించి కృత్రిమ రికార్డులు పుట్టించుకోవచ్చు.

మ్యాథ్స్ భయం గురించి కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే మీరు ఉత్తరంలో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు గానీ ప్రాజెక్ట్ సెంటర్ మాట మీ చెవికి ఎక్కడానికి అసలు కారణం అదేనని నాకు తోస్తోంది. ఫెల్లెగి, సంటర్ సిద్ధాంతం లోపల ఉన్నది ఇంతే. నిజంగా ఒకే మనిషివైన జతల్లో పేరు కలిసే అవకాశం ఎంత? వేర్వేరు మనుషుల జతల్లో యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఎంత? మొదటిది 100లో 95, రెండోది 100లో 1 అనుకుంటే, పేరు కలిసినప్పుడు ‘ఒకే మనిషి’ వైపు 95 రెట్ల బరువు పడుతుంది. దానికి లాగరిథం తీసుకుంటే గుణకారాలు కూడికలవుతాయి. ఇంటర్‌లో మీరు చదివిన లాగరిథమే. ఇప్పుడు మన ఊళ్లకు రండి. యాదగిరిగుట్ట చుట్టుపక్కల రెండు రికార్డుల్లో యాదయ్య అని కలిస్తే ఏం తెలిసింది? దాదాపు ఏమీ లేదు, సందుకో యాదయ్య ఉంటాడు. అదే ఊళ్లో కుర్మయ్య అని రెండు చోట్ల కలిస్తే గట్టి సాక్ష్యం, ఎందుకంటే అది కురుమూర్తి స్వామిని కొలిచే పాలమూరు వైపు పేరు. అదే పేరు పాలమూరు వైపున్న చిన్నచింతకుంటలో కలిస్తే మళ్లీ బరువు తగ్గిపోతుంది. పేరు బరువు ఊరిని బట్టి మారుతుందన్న ఈ సంగతిని సూత్రంలోకి ఎక్కించడమే ఒక అధ్యాయం కావచ్చు. దీనికి కావాల్సిన సంభావ్యత మీరు బీటెక్ పిల్లలకు చెప్పేదే. స్ప్లింక్ అని బ్రిటన్ న్యాయ శాఖ వాళ్లు తయారు చేసి ఉచితంగా ఇచ్చిన పైథాన్ లైబ్రరీ ఉంది. ఈ సిద్ధాంతం మీదే నడుస్తుంది, ఏ జతకు ఎంత బరువు ఎందుకు పడిందో బొమ్మ గీసి చూపిస్తుంది. ఒక సెలవు వారం దాంతో కూర్చోండి. ఆ తర్వాత కూడా భయం అట్లాగే ఉంటే తెలుగు ప్రశ్నల టెక్స్ట్ టు ఎస్‌క్యూఎల్ వైపు తిరగండి, అందులో ఈ లెక్కలు తక్కువ.

ప్రాజెక్ట్ సెంటర్ దారి సులువే. డిగ్రీ కూడా రావచ్చు. కాకపోతే వైవాలో మీ సొంత కోడ్‌లో ఒక లైను ఎందుకుందో చెప్పలేని రోజు వస్తుంది. అదే కోడ్, అదే పేపర్ కొంచెం మార్చి ఇంకొకరికి అమ్మరన్న హామీ లేదు. ఇంకెవరో రాసిన థీసిస్ అని ఎప్పుడు బయటపడినా డిగ్రీకే ముప్పు, ఉద్యోగంలో చేరిన పదేళ్లకైనా. మీ వారికి ఈ సంగతులు నెమ్మదిగా చెప్పండి. ఆయన మాటల్లో నాకు కనిపించింది దురాశ కాదు, ఇల్లు, పిల్లలు, కాలేజీ మధ్య మీరు నలిగిపోతున్నారన్న దిగులు. ఆ డబ్బులో కొంత వాయిదాల్లో కాకుండా ఒక మంచి ల్యాప్‌టాప్ మీద, పరీక్షల సీజన్‌లో పిల్లల్ని చూసుకునే మనిషి మీద పెడితే నిజంగా సాయం అవుతుందని ఆయనకు చెప్పి చూడండి.

తొందర గురించి కూడా లెక్క తెలిస్తే మంచిది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, మహిళలకు ఆపైన మరో రెండేళ్లు. మొత్తం పదేళ్లు దాటకూడదు. థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్లు అచ్చు కావాలన్న షరతును యూజీసీ అదే ఏడాది తీసేసింది. యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవచ్చు కాబట్టి మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ చదవండి. ‘పేపర్లు తొందరగా’ అన్న మాటలో ఎంత నిబంధన, ఎంత అలవాటు ఉందో అప్పుడు తెలుస్తుంది.

గైడ్‌ను మార్చుకునే దారి కూడా రూల్స్‌లో ఉంటుంది గానీ, ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి. ఆయన మీతో గొడవపడలేదు, ఒక సలహా ఇచ్చారంతే. మారితే కొత్త గైడ్ దగ్గర సీటు ఖాళీ ఉండాలి, కొత్త కమిటీ, ఇంకో ఏడాది. కలిపిన టాపిక్‌ను కూడా ఆయన వినకుండా కొట్టిపారేస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు నాన్నగారి కథతో మొదలుపెట్టకండి, అది ఆయనకు సెంటిమెంట్‌లా వినబడుతుంది. రెండు పేజీలు తీసుకెళ్లండి. మొదటి పేజీలో ఒక నలభై యాభై జతల పేర్ల మీద సౌండెక్స్ ఎక్కడ తప్పింది, ఒక ఎంబెడింగ్ మోడల్ ఎక్కడ తప్పింది అన్న పట్టిక. పేర్లు మీరు కల్పించినవైనా ఈ దశలో ఫర్వాలేదు, కల్పించినవని రాస్తే చాలు. రెండో పేజీలో మూడు భాగాల ప్రణాళిక, ఏ భాగానికి ఎన్ని నెలలు, ఏ సదస్సుకు పంపొచ్చు. మన దేశంలోనే డేటా మేనేజ్‌మెంట్ మీద జరిగే సదస్సు ఏదైనా ఉంటే దాని పేరు కూడా రాయండి. కమిటీ తేదీకి కనీసం నెల ముందే వెళ్లండి. ఆయన ‘ఇందులో ఇది మార్చండి, అది చేర్చండి’ అంటారు, మార్చండి. ఆయన చెయ్యి కూడా పడిన కాగితమైతేనే కమిటీ గదిలో ఆయన మీ తరఫున మాట్లాడతారు.